మూడో బరకం

"ఇదెంత బరువుంటాది?" అని అడిగాడు శాంతికుమార్.

బొబ్బిలి మార్కెట్లో ధనరాజు కొట్టు. తాళ్లు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్ముతాడు. టార్పాలిన్‌ని ఆ చుట్టుపక్కల బరకం అంటారు. ధనరాజు మడత పెట్టిన నీలం బరకాన్ని కాటా మీద పడేశాడు.

"కేజీ మీద వంద గ్రాములు."

"నూట ఇరవై జీఎస్ఎమ్మేనా?"

"దాని మీదే రాసున్నాది గదా బాబూ."

"రాసుంటాది. నిజంగా అంతున్నాదా అని."

షీబా స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. అదే వీధి చివర మందుల షాపులో ఆమె ఫార్మసిస్టు. మధ్యాహ్నం భోజనానికి అరగంట దొరుకుతుంది. ఆ అరగంట శాంతికుమార్ బరకానికి పోవడం ఇది మూడోసారి.

"ఒక్క మాట సెప్పు," అంది. "కొండకి ఎల్లీది మనవా, బరకమా?"

"వానొచ్చి బరకం కారితే మనం ఎల్లి ఏటి సేస్తాం?"

"కారితే తడుస్తాం. తడిస్తే ఆరతాం. నువ్వలగ గుడ్డని నలిపి నలిపి సూస్తే అది ఇక్కడే అరిగిపోద్ది."

చర్చి యువజన సంఘం ప్రతి డిసెంబరులో క్యాంపు పెడుతుంది. ఎప్పుడూ స్కూలు హాల్లో చాపల మీదే. ఈసారి సాలూరు వైపు కొండ మీద చెట్లకి హేమాకులు, అంటే గుడ్డ ఉయ్యాలలు, కట్టుకుని వాటిలో పడుకోవాలని షీబా ప్రతిపాదించింది. పాస్టరు గారూ, ఆయన భార్యా కూడా వస్తామనడంతో ఇళ్లలో ఒప్పుకున్నారు. నైలాను హేమాకులు ఆన్‌లైన్లో వచ్చేశాయి. వాటి పైన కప్పు మిగిలింది. ట్రెక్కింగ్ వాళ్లు వాడే టార్పు ఒక్కోటి మూడు హేమాకుల ధర. అందుకని ఊరి బజారులో చవకగా దొరికేది ఒకటి ఎంచి, వానలో కట్టి చూసి, నిలబడితే అందరికీ అదే కొనాలని తీర్మానించారు. ఎంచే పని శాంతికుమార్‌కి అప్పగించారు. అతను గ్రామ సచివాలయంలో సర్వేయరు. కొలతల మనిషి కాబట్టి అందరికీ నమ్మకం.

ఎంచడం అతనికి వచ్చు. ఆ సంగతి షీబా కూడా ఒప్పుకుంటుంది. మందం నూట ఇరవై జీఎస్ఎమ్‌కి తగ్గితే గాలికి చిరుగుతుంది, రెండొందలు దాటితే కొండెక్కేటప్పుడు మోయలేం అన్నాడు. మూలల దగ్గర గుడ్డ రెండు పొరలుండి, దానికి రింగు వేసి ఉండాలన్నాడు. బరకం పది అడుగుల చదరమైతే చాలు, మూల నుంచి మూలకి తాడు మీద వేస్తే హేమాకు అటూ ఇటూ పూర్తిగా కప్పుకుంటుందని మొదటి రోజే తేల్చాడు.

తేలనిదల్లా, కొన్న బరకం అతని దగ్గర నిలవడం.

"మొదటిదేదీ?" అని అడిగింది షీబా, జవాబు తెలిసే.

"సోములు మావ వరికుప్ప మీద ఉన్నాది. మబ్బేసింది గదా."

"రెండోది?"

"లక్ష్మణమ్మ పిన్ని మనవరాలికి పేరు పెట్టేరు. వంటల కాడ కట్టేరు. ఆ తర్వాత ఎవులు పట్టుకెల్లేరో తెలీదు."

"అడిగేవా?"

"అడిగితే బాగోదు షీబా."

అడిగితే నిజంగానే బాగోదు. వాళ్ల ఊళ్లో ట్రాక్టరుకి యజమాని ఉంటాడు, ఎడ్లకి ఉంటాడు, బరకానికి ఉండడు. కోతల కాలంలో ఎవరి కుప్ప తెరిచి ఉంటే దాని మీదకి వెళుతుంది. అక్కడి నుంచి పెళ్లివంటకి, అక్కడి నుంచి ప్రార్థన కూటానికి. కొన్నవాడు తిరిగి అడిగితే, పాపం ఏదో ఇబ్బందిలో ఉన్నాడని ఊరు అనుకుంటుంది. ఇవ్వను అన్న మాట బరకం విషయంలో ఆ ఊళ్లో ఎవరూ అన్నది లేదు, విన్నది లేదు. అయితే మిగతావాళ్లు కొత్త బరకాన్ని కొన్నాళ్లు అటక మీద దాస్తారు. శాంతికుమార్ ఆ పని కూడా చేయడు. బైకు వెనక కట్టుకుని ఊరి మధ్య నుంచి వస్తాడు.

"ఊరందరికీ హద్దురాళ్లు పాతుతావు," అంది షీబా. "నీకో హద్దు లేదేటి?"

"ఆయమ్మ సెప్పింది నిజం బాబూ," అన్నాడు ధనరాజు. "అయినా మీరు ఇలగే ఇచ్చీండి. నాకు బేరం బాగున్నాది."

శాంతికుమార్ నవ్వాడు. షీబా నవ్వలేదు.

"ఇది కూడా ఇచ్చీసేవంటే, నాతో మాటాడకు," అంది.

"ఇవ్వను."

"ఆ మాట నాకు కాదు. అడిగినోళ్లకి సెప్పాల."

*

షీబా విసుగంతా బరకం గురించి కాదు.

శాంతికుమార్ ఏ జ్వరమూ లేకుండా వారం వారం వచ్చి పారాసిటమాల్ కొంటాడు. వాన పడితే ఆమె బస్సు దిగేచోట గొడుగుతో నిలబడి ఉంటాడు, తను వేరే పని మీద వచ్చానంటాడు. చర్చిలో పాటల పుస్తకం ఎప్పుడూ తెచ్చుకోడు, ఆమె పుస్తకంలోకి చూస్తాడు, ఆ పాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. ఇన్ని చేసినవాడు ఒక్క మాట అనడు.

ఆమే అనొచ్చు. ఆ సంగతి రెండుసార్లు ఆలోచించింది. అడిగితే అతను సరే అంటాడు. అక్కడే ఆమెకి కష్టం. సోములు అడిగితే సరే అన్నాడు, లక్ష్మణమ్మ అడిగితే సరే అన్నాడు. అడిగిన ప్రతివాళ్లకీ సరే అనేవాడు తనకీ సరే అంటే, అది ఇష్టమో అలవాటో ఎలా తెలుస్తుంది? జన్మంతా పక్కన ఉండి కూడా తెలియకపోవచ్చు.

దానికి తోడు, ఇంట్లో సంబంధం మాట మొదలైంది.

*

శుక్రవారం సాయంత్రం, బరకాన్ని పరీక్షించడానికి షీబా వాళ్ల జీడితోటకి వెళ్లారు. తోడుగా షీబా తల్లి లీలారాణి వచ్చింది. గట్టు మీద కూర్చుని కట్టెపుల్లలు ఏరుకుంటోంది. శాంతికుమార్ అప్పటికే రెండు చెట్ల మధ్య హేమాకు కట్టి, పైతాడు బిగిస్తున్నాడు.

"ఆ గుంటడు మీ నాన్నని ఏమని పిలుస్తాడో ఎప్పుడైనా విన్నావేటే?" అంది లీలారాణి, కూతురికి మాత్రమే వినబడేలా.

"ఏమనీ పిలవడు. 'ఇదిగో సూడండి' అంటాడు. మర్యాద తెలీదు."

"ఊర్లో కుర్రోళ్లందరూ బాబాయ్ అంటారు."

"అదే గదా, ఇతనికేటి రోగం?"

"బాబాయ్ అంటే నువ్వేటవుతావు ఆడికి?"

బాబాయి కూతురంటే చెల్లెలు. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపు తప్పించుకుంటూ, తన తండ్రిని ఏ వరసా పెట్టి పిలవకుండా నెట్టుకొచ్చిన మనిషి వైపు షీబా చూసింది. అతను తాడు ముడి వేసి, అడుగు వెనక్కి వేసి, తల వంచి చూసి, ముడి విప్పి మళ్లీ వేస్తున్నాడు.

"అయితే మావా అనొచ్చు గదా," అంది. "నోరు లేదేటి?"

"నన్నడుగుతావేటి?" అంది లీలారాణి. "ఎల్లి ఆడినడుగు."

షీబా వెళ్లింది. బరకం తాడు మీద మూల నుంచి మూలకి పడి ఉంది. మిగిలిన రెండు మూలలకీ తాళ్లు కట్టి, పక్కలకి లాగి, మేకులు దిగ్గొట్టాడు. హేమాకు తాళ్లకి బరకం లోపలివైపు గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి.

"ఇవేటి?"

"సెట్టు మీద పడిన నీరు తాడు పట్టుకుని హేమాకులోకి దిగిపోతాది. ఈ పేలిక కాడ కిందకి కారిపోద్ది. నువ్వెక్కు."

"నేనా?"

"ప్రతిపాదించింది నువ్వే గదా."

ఆమె ఎక్కింది. హేమాకు ఊగి, నెమ్మదించింది. అతను బకెట్‌తో నీళ్లు తెచ్చి బరకం మీద పోయబోతుండగా అసలు వానే వచ్చింది. లీలారాణి కొంగు కప్పుకుని కాపలాపాకలోకి పరిగెత్తింది.

బరకం కింద షీబాకి ఒక్క చుక్క తగల్లేదు. పేలికల దగ్గర నీరు బొట్లు బొట్లుగా నేల మీదకి దిగుతోంది. శాంతికుమార్ బయట, ఒక పక్కతాడు పట్టుకుని నిలబడ్డాడు. మెత్తబడిన నేలలోంచి మేకు ఊడి వచ్చింది.

"లోపలికి రా."

"తాడు వదిలితే నీ మీద పడిపోద్ది."

"తడిసిపోతన్నావు."

"పర్లేదు. లోపల తడిసిందా?"

"ఏటి?"

"హేమాకు."

వాన అతని జుట్టు మీంచి ముక్కు మీదకి కారుతోంది. రెండు చేతులా తాడే ఉంది కాబట్టి తుడుచుకోవడం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె చూస్తే బరకం వైపు చూస్తున్నాడు. అప్పుడు చెప్పేయాలనిపించింది షీబాకి.

"ఆదివారం మజ్జానం గజపతినగరం నుంచి వస్తన్నారు. నన్ను సూసుకోడానికి."

అతని చేతిలో తాడు కొంచెం జారింది. బరకం ఒక పక్కకి వాలింది. వెంటనే లాగి పట్టుకున్నాడు.

"ఎవులు?"

"పెళ్లికొడుకోళ్లు. రాయపూర్‌లో ఉద్యోగమంట. నాన్నకి నచ్చేరు. నేను ఊ అంటే మాట ఇచ్చీస్తాడు."

ఆమె ఆగింది. వాన ఆగలేదు. అతను తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"ఆదివారం అల్పపీడనమంట," అన్నాడు. "వానుంటాదేమో."

షీబా హేమాకులోంచి దిగి, వానలోనే నడిచి కాపలాపాకకి వెళ్లిపోయింది.

"ఏటన్నాడే?" అని అడిగింది తల్లి.

"వాతావరణం సెప్పేడు."

*

ఆదివారం ఆరాధన అయ్యాక షీబా ఇంటికి వచ్చేసరికి పెరట్లో స్టూలు మీద శాంతికుమార్ నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు. జామచెట్టుకీ వరండా స్తంభానికీ మధ్య నీలం బరకం. కింద ఆమె తండ్రి జ్ఞానానందం ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యాడు. నడవడం కూడా డిపోలో బస్సు తిప్పినట్టు నెమ్మదిగా, చుట్టూ చూసుకుని నడుస్తాడు.

"అదృష్టం సూడమ్మా," అన్నాడు. "వానొస్తే వచ్చినోళ్లని ఎక్కడ కూకోబెట్టాలా అనుకుంటన్నాను. శాంతి కాడ కొత్త బరకం ఉన్నాదని సోములు సెప్పేడు. అడిగితే సరే అన్నాడు. కట్టడానికి కూడా వచ్చేడు."

ఆయన ఇంకో కుర్చీ కోసం లోపలికి వెళ్లాడు. షీబా స్టూలు దగ్గరికి వచ్చింది.

"ఇచ్చీసేవు."

"మీ నాన్నగారు అడిగేరు."

"నా పెళ్లిచూపులకి పందిరి ఏస్తన్నావు."

అతను పైకి చూస్తూ ముడి బిగించాడు. "వానొస్తే నువ్వు తడుస్తావు."

"నేను తడిస్తే నీకేటి?"

అతను ఇంకో తాడు అందుకున్నాడు. ఆమె స్టూలు కాలిని తన్నాలనుకుని, మానుకుంది. అతను పడితే ఆ సేవ కూడా తనే చేయాలి.

"శాంతికుమార్. నీకు కావాల్సినదాన్ని నాది అని ఎప్పుడైనా అన్నావా? ఒక్కసారి? ఏ విషయంలోనైనా?"

"అంటే..."

"అనలేదు. ఇంక ముడి గట్టిగా ఎయ్యి. గజపతినగరమోళ్ల నెత్తిన పడితే సంబంధం పోద్ది."

గజపతినగరం వాళ్లు అనుకున్న వేళకే వచ్చారు. పెళ్లికొడుకు, అతని తల్లీ తండ్రీ. మర్యాదస్తులు. షీబా అది కూడా విసుగ్గానే గమనించింది, ఒక్క తప్పు దొరికినా బాగుండేది. పెళ్లికొడుకు ఫోను జేబులో పెట్టేశాడు. ఆమె ఉద్యోగం గురించి అడిగాడు, జవాబు పూర్తయ్యేవరకు విన్నాడు. వాళ్లు కూర్చున్న కాసేపటికి వాన మొదలైంది.

పందిరిగా చదునుగా కట్టడంతో బరకం మధ్యలో నీరు నిలిచి, పొట్టలా కిందకి దిగింది. వెళ్లిపోబోతున్న శాంతికుమార్‌ని జ్ఞానానందం ఆపాడు. శాంతికుమార్ వెదురుకర్ర తెచ్చి, కుర్చీల వెనక నిలబడి, నీరు నిండినప్పుడల్లా కర్రతో పైకి తోస్తున్నాడు. నీరు అంచు మీంచి జామచెట్టు మొదట్లోకి పడుతోంది.

ఆ విధంగా, షీబా టీ తెచ్చి పెళ్లికొడుకు ముందు పెట్టినప్పుడు, వాళ్లిద్దరి పైనా కప్పు నిలబెట్టిన మనిషి శాంతికుమారే.

పెళ్లికొడుకు తండ్రి టీ అందుకుని, పైకి చూశాడు.

"బరకం బాగున్నాది. ఒక్క సుక్క కారలేదు. ఎక్కడ కొన్నారు?"

"బొబ్బిలి," అన్నాడు జ్ఞానానందం. "ఈ కుర్రోడిదే. బాగా సూసి కొంటాడు."

"మా కళ్లంలో కుప్ప తెరిసున్నాదండి. పొద్దున బయలెల్లినప్పుడు ఎండే. ఇప్పుడు అక్కడా పడతన్నాదేమో." ఆయన మొహమాటపడ్డాడు. "ఏటీ అనుకోకపోతే, ఎల్లీటప్పుడు దీన్ని పట్టుకెల్దుమా? మళ్లీ వచ్చినప్పుడు తెస్తాం. ఎలాగూ రాకపోకలుంటాయి గదా."

అందులో తప్పేమీ లేదు. ఆ జిల్లాలో ఎవరైనా అలాగే అడుగుతారు.

"దానికేటండి, పట్టుకెల్లండి," అన్నాడు జ్ఞానానందం. "శాంతి కాదనడు. ఏరా?"

షీబా ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది. చూడకూడదనుకుంది. చూసింది.

శాంతికుమార్ కర్ర దించలేదు.

"ఇవ్వను," అన్నాడు.

జ్ఞానానందం తను సరిగా వినలేదనుకున్నాడు.

"ఏటన్నావు?"

"ఇవ్వను. ఇంకో బరకం కొని ఈ సాయంత్రమే వాళ్లింటికి నేనే పట్టుకెల్తాను. ఇది మాత్రం నాది." కర్రతో పైకి ఒక్క తోపు తోశాడు. బరకం మీద నీరు అటూ ఇటూ కదిలింది. "నాకు కావాల మావా."

మావా అన్న మాట దగ్గర లీలారాణి చేతిలోని బిస్కట్ల పళ్లెం కింద పెట్టేసింది. జ్ఞానానందం శాంతికుమార్ వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు, మళ్లీ శాంతికుమార్ వైపు.

"నన్నేటని పిలిసేవు?"

"మావా అన్నాను."

"బరకం కోసమా?"

"బరకం ఒక్కదాని కోసం కాదు."

పెళ్లికొడుకు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతనికి అర్థమైంది, కాస్త నవ్వు కూడా వచ్చినట్టుంది. తండ్రికి వంగి ఏదో చెప్పాడు. ఆయన లేవబోయాడు.

శాంతికుమార్‌కి ధైర్యం పూర్తిగా వచ్చేసినట్టుంది. కర్రని కుర్చీకి ఆనించి, స్తంభం దగ్గర ముడి మీద చెయ్యి వేశాడు. నీటి పొట్ట ముగ్గురు అతిథుల నెత్తి మీద సరిగ్గా వేలాడుతోంది.

"శాంతికుమార్," అంది షీబా.

"ఆఁ?"

"వాళ్లు టీ తాగినాక విప్పు."

అతను చెయ్యి తీసేసి, మళ్లీ కర్ర అందుకున్నాడు.

అతిథులు టీ తాగారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. షీబా పెళ్లికొడుకు తల్లి దగ్గరికి వెళ్లి, "సెమించండి ఆంటీ, ఈ మాట మీరు రాకముందే తేలాల్సింది," అంది. ఆవిడ షీబా చెయ్యి నొక్కి, "మీ వోడు కొంచెం బేగి నోరిప్పితే మా బస్సు సార్జీలు మిగిలేవమ్మా," అంది. వెళ్లేముందు పెళ్లికొడుకు తండ్రి శాంతికుమార్ ముందు ఆగాడు.

"ఆ ఇంకో బరకం మాట నిజమేనా?"

"నిజమేనండి. చీకటి పడకుండా తెస్తాను."

"దీని మీద నూట ఇరవై జీఎస్ఎమ్మని ఉన్నాది. అదీ అంతేనా?"

"కుప్పకి చాలదండి. మీకు రెండొందల యాభై తెస్తాను."

ఆయన తల ఊపి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

జ్ఞానానందం కుర్చీలో కూలబడ్డాడు. "ఇరవై ఏళ్లు బస్సు నడిపేను," అన్నాడు భార్యతో. "ఏ మలుపు కాడ ఏటొస్తాదో ముందే తెలిసీది. ఇది తెలవలేదు."

"నాకు తెలుసు," అంది లీలారాణి.

"మరి సెప్పకపోయేవా?"

"ఆడు సెప్పాల గదా."

ఆయన షీబా వైపు తిరిగాడు. "నువ్వేటంటావమ్మా? ఆడు నిన్ను అడిగేడా?"

"అడగలేదు నాన్నా."

"మరి?"

"ఎవులికీ లేదని సెప్పని మనిషి, అంతమందిలో ఇవ్వననేడు. నాకది సాలు." ఆమె ఆగింది. "అయినా అడగాల. అడిగించుకుంటాను."

జ్ఞానానందం పైకి చూశాడు. బరకం నిజంగానే కారలేదు.

"ఒరే శాంతీ," అన్నాడు. "ఆ పిలుపు మళ్లీ ఒకసారి పిలు. మీ అత్తకి సరిగ్గా వినపళ్లేదంట."

"మావా," అన్నాడు శాంతికుమార్.

"ఊఁ. మీ ఇంట్లోవాళ్లని తీసుకుని రా. పాస్టరు గారితో కూడా మాటాడదాం. ముందు ఆ నీరు దింపు, మీద పడీలాగున్నాది."

పెద్దవాళ్లు లోపలికి వెళ్లారు. వాన తగ్గింది. శాంతికుమార్ ముళ్లు విప్పుతుంటే షీబా రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ బరకాన్ని దులిపి, అంచుకి అంచు కలిపి దగ్గరికి వచ్చారు. మడత కోసం చేతులు ఒకే చోటికి వచ్చాయి.

"అడుగు," అంది షీబా.

అతను అంచు వదల్లేదు. "కొండ మీద నీ హేమాకు, నా హేమాకు పక్కపక్క సెట్లకి కడితే..."

"పాస్టరమ్మ గారు ఊరుకోదు."

"ఈ సారి కాదు. తర్వాత. ఎప్పటికీ." మడత అంచు సరిచేశాడు. "ఒక బరకం కింద రెండు హేమాకులు పడతాయి. నేను కొలిసేను."

"ఎప్పుడు కొలిసేవు?"

"మొదటిది కొన్న రోజే."

షీబా అతని వైపు చూసింది. మూడు మధ్యాహ్నాలు ధనరాజు కొట్టులో స్టూలు మీద కూర్చుని తినని భోజనాలన్నీ గుర్తొచ్చాయి. "సరే" అని ఒక్కటే అంది.

పక్కగోడ మీద నుంచి ఒక తల లేచింది. సోములు.

"శాంతీ, సుట్టాలు ఎల్లిపోనారా? బరకం కాళీయేనా? మా రెండో కుప్ప..."

శాంతికుమార్ నోరు తెరిచాడు. షీబా మడత పెట్టిన బరకాన్ని అతని చేతుల్లోంచి లాక్కుని, చంకలో పెట్టుకుని, ఇంట్లోకి నడిచింది.

"ఇవ్వడు మావా," అంది వెనక్కి తిరగకుండా.